తొమ్మిదో ఆదివారం

ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ నన్ను మొట్టమొదట తిట్టింది ముప్పై అడుగుల ఎత్తు నుంచి.

"ఏయ్, పన్నెండో నంబరూ! ఆ స్తంభం వదులు! నువ్వు వీపు ఆనించినప్పుడల్లా ఇక్కడ నా కెమెరా ఊగిపోతోంది!"

తలెత్తి చూశాను. మైదానం పక్కన కొత్తగా కట్టిన చెక్క మంచె. దాని మీద మూడుకాళ్ళ కెమెరా. కెమెరా వెనక గళ్ళ చొక్కా, ఎండకి కందిపోయిన ముక్కు, చాలా కోపం.

"నీడకి కూర్చున్నాను. తప్పా?"

"ఆటగాడివేగా? ఆటగాళ్ళు మైదానంలో ఉండాలి."

"ఆ ముక్క మా కొత్త కోచ్‌కి చెప్పి పుణ్యం కట్టుకో."

ఆ మాటకి ఆమె కిందికి వంగి, నన్ను ఎగాదిగా చూసింది. "ఓహో! ఇవాళ పొద్దున లిస్టులో కిందికి జారినవాడివి నువ్వేనా? సరే, కూర్చో. కదలకుండా కూర్చో."

జాలిపడిందో వెక్కిరించిందో నాకు తెలియలేదు. ఆ సంగతి తేల్చుకోవడానికి నాకు ఒక సీజన్ మొత్తం పట్టింది.

అది పందొమ్మిది వందల డెబ్భై నాలుగు, ఆగస్టు నెల. నెబ్రాస్కాలో మా కాలేజీ చాలా చిన్నది. ఇప్పుడు లేదు, మూసేశారు. మా మైదానంలో ఎవరో సోయాబీన్ వేస్తున్నారని మొన్న విన్నాను. 

మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో మూడేళ్ళుగా క్వార్టర్‌బ్యాక్‌ని నేనే. అంటే బంతి మొదట నా చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో నా ఇష్టం. మైలో వోసిక, అంటే నేను, విసిరితే నలభై గజాల అవతల ఉన్నవాడి గుండెల మీద వాలుతుందని పేరు. పేరైతే ఉంది గాని, కిందటేడు తొమ్మిది ఆటల్లో గెలిచింది రెండే. అందుకని పాత కోచ్‌ని పంపేసి, జూన్‌లో ఓక్లహోమా నుంచి డ్వేన్ ట్రెడ్‌వే అనే ఆయన్ని తెచ్చారు.

ట్రెడ్‌వే పద్ధతే వేరు. ఆయన ఆటలో బంతి విసరడం అనేదే లేదు. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని పరిగెత్తాలి. పరిగెత్తుతూ ఒకడికి ఇచ్చినట్టు నటించాలి, ఇంకొకడికి ఇవ్వబోయి ఆగాలి, ఆఖరి క్షణం దాకా బంతి ఎవరి దగ్గరుందో దేవుడికి కూడా తెలియకూడదు. దానికి చెయ్యి కాదు, కాళ్ళు కావాలి. రెండో ఏడు చదువుతున్న డెన్నీ క్రోల్‌కి కాళ్ళున్నాయి.

ఆ మధ్యాహ్నమే కోచ్ నన్ను గదిలోకి పిలిచాడు.

"నీ చెయ్యి బంగారం, నాయనా. కాళ్ళే... ఏం చెప్పమంటావు! మా అమ్మమ్మ కోడిపెట్ట వెంటపడితే ఇంతకంటే జోరుగా పరిగెత్తేది. పోనీ, కారు నడపడం వచ్చా?"

"వచ్చు, కోచ్."

"అబద్ధం ఆడని అలవాటుందా?"

"చాలావరకు."

"చాలు. ఆదివారాలు నీవే."

పని ఏమిటంటే, వచ్చే శనివారం ఎవరితో ఆడాలో వాళ్ళకి మన పాత ఆట ఫిల్ము ఇవ్వాలి, వాళ్ళది మనం తెచ్చుకోవాలి. రెండు ఊళ్ళకీ సగం దూరంలో ఏ హోటల్ దగ్గరో కలుసుకుని డబ్బాలు మార్చుకోవాలి. అందులో ఒక్క ముక్క కత్తిరించకూడదు, ఒక్క బంతి ఆట కూడా దాచకూడదు. కోచ్‌ల మధ్య అది మాట మీద నడిచే వ్యవహారం. మా పాత కోచ్ ఈ ఫిల్ముల గొడవే పట్టించుకునేవాడు కాదు. ట్రెడ్‌వేకి మాత్రం ఫిల్మంటే ప్రాణం.

"డబ్బాలు నా పేరున ఉన్నాయి. నేను లేకుండా గడప దాటవు," అంది ఆర్డిస్.

అలా మొదటి ఆట ఓడిపోయిన మర్నాడు, కాలేజీవాళ్ళ ఆకుపచ్చ స్టేషన్ వాగన్ కారులో ఇద్దరం బయల్దేరాం. కిటికీకి అటూ ఇటూ మొక్కజొన్న.

పది మైళ్ళు పోయాక నేనే కదిపాను. "ఇంతకీ నువ్వేం చదువుతున్నావు?"

"ఏమీ లేదు. ఎండాకాలంలోనే అయిపోయింది. ఈ ఫిల్ముల కోసం సీజన్ అయ్యేదాకా ఉండమన్నారు. సీజన్ అవగానే చికాగో వెళ్ళిపోతా. అక్కడ టీవీ స్టేషన్‌లో కెమెరా పని ఇస్తామన్నారు. ముందు ఒక ఆట ఫిల్ము నమూనాగా చూపించమన్నారు. ఆఖరిది పట్టుకెళ్తా, అప్పటికి నా చెయ్యి బాగా కుదురుకుంటుంది."

"చికాగోనా! అంత దూరమా!"

"ఆడపిల్లలకి కెమెరా ఇచ్చేచోటికి వెళ్ళాలంటే అంత దూరమే మరి."

నేను లోపల లెక్క వేశాను. తొమ్మిది ఆటలు. తొమ్మిది ఆదివారాలు. ఒకటి సగం అయిపోయింది. అప్పటికి నాకు ఆమె మీద ఏమీ లేదనే అనుకుంటున్నాను. మరి లెక్క ఎందుకు వేశానో!

హోటల్లో అవతలి కాలేజీవాడు గంట ఆలస్యంగా వచ్చాడు. ఆ గంటసేపూ ఇద్దరం దాల్చినచెక్క రొట్టె చిల్లీ అనే వేడి వేడి మాంసం, చిక్కుళ్ళ కూరలో ముంచుకుని తిన్నాం. ఆర్డిస్ తనది తినేసి నా ప్లేటు వైపు చూసింది.

"తింటావా?"

"నువ్వు తిననంటే."

"నేను తింటాను."

"అయితే తొందరగా తిను, చూస్తుంటే కష్టంగా ఉంది."

సగం తుంచి ఇచ్చాను. ఆ రోజుతో నా పని అయిపోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

రెండో ఆట కూడా ఓడాం. ఊళ్ళో జనం కోచ్‌ని చూసి మొహం తిప్పుకున్నారు. మూడోది గెలిచాం. నాలుగోది గెలిచాం. ఐదోది గెలిచేసరికి మంగలి దుకాణంలో కోచ్ దగ్గర డబ్బులు పుచ్చుకోవడం మానేశారు. ఏడో ఆటకి వరసగా ఐదు విజయాలు! నలభై ఏళ్ళలో మా కాలేజీ ఎరగని వైభోగం అది. దాంట్లో నా వంతు ఏమిటంటే, బెంచీ వెచ్చగా ఉంచడం. నా తెల్ల ప్యాంటుకి మట్టి అంటని సీజన్ అదొక్కటే. మా అమ్మ మాత్రం చాలా సంతోషించింది.

ఆదివారాలు మాత్రం నావే. శనివారం ఓడినా గెలిచినా, నా ధ్యాసంతా మర్నాటి మీదే. అక్టోబరులో మొక్కజొన్న ఎండిపోయింది, కోతలు మొదలయ్యాయి. దారి పొడుగునా దుమ్ము. ఒకసారి వాన కురిసి వైపర్ పనిచెయ్యక, ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి తన స్కార్ఫ్‌తో అద్దం తుడుస్తూ నన్ను ఇంటికి చేర్చింది. సగం తడిసింది, సగం తిట్టింది. అంత హాయైన ప్రయాణం నేను మళ్ళీ ఎరగను.

ఒకటే బాధ. ఆమె నోట ఎప్పుడూ డెన్నీ మాటే.

"నిన్న డెన్నీ ఎంత అందంగా మోసం చేశాడో చూశావా? కెమెరా కూడా వేరేవాడి వెంట వెళ్ళింది!"

"చూశాను."

"అబ్బ, ఏం నడుమూ, ఏం మలుపూ!"

"చూశానన్నాను కదా."

"నీకు కుళ్ళు."

"నాకెందుకు కుళ్ళు?"

"నీ స్థానం పోయిందని."

స్థానం సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. కాని ఆ మాట చెప్పాలంటే మిగిలింది కూడా చెప్పాలి. చెప్పలేక మూతి ముడుచుకుని కారు నడిపాను. ఫిల్ములు మోసే పని నాకు నామోషీ అనీ, తనతో రావడమే నాకు కష్టంగా ఉందనీ ఆమె అనుకుంది. ఈ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఇద్దరం బుద్ధిమంతులమే.

ఏడో ఆదివారం ఫిల్ము ఇచ్చి వచ్చాం. సోమవారం అవతలి కోచ్ ఫోన్ చేశాడు. "ట్రెడ్‌వే, నువ్వు పెద్దమనిషివనుకున్నాను. మీ ఫిల్ములో మూడు బంతుల ఆట లేదు. కెమెరా ఎటో తిరిగి ఉంది. దాచుకోదలిస్తే ముందే చెప్పాల్సింది!" అని ఫోన్ పెట్టేశాడు.

మా కోచ్ మొహం ఎర్రబడింది. ఆయన్ని దొంగ అన్నవాడు అంతవరకు లేడు. మా దగ్గరున్న రెండో కాపీ తీయించి, ఆ సాయంత్రమే జట్టందరినీ, ఆర్డిస్‌ని కూర్చోబెట్టి, దీపాలు ఆర్పి, ప్రొజెక్టర్ తిప్పాడు.

తెర మీద, నాలుగు భాగాల ఆటలో మూడోది. బంతి డెన్నీ చేతికి వచ్చింది. డెన్నీ ఎడమకి కదిలాడు. కెమెరా మాత్రం మెల్లిగా కుడికి కదిలింది. గీత దాటింది. నీళ్ళ కూజా దాటింది. బెంచీ మీదికి వచ్చి ఆగింది. అక్కడ పన్నెండో నంబరు, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, నారింజపండు ఒలుచుకుంటున్నాడు. ఆ బంతి ఆట అయిపోయింది, తొక్క ఇంకా అవలేదు. అప్పుడు కెమెరా ఉలిక్కిపడి మైదానంలోకి పరిగెత్తింది.



కోచ్ ఫిల్ము వెనక్కి తిప్పాడు. తొక్క తిరిగి నారింజకి అంటుకుంది. మళ్ళీ ముందుకి. మళ్ళీ ఒలిచాను. అలాంటివి మూడున్నాయి. రెండోదాంట్లో నేను కేవలం ముక్కు గోక్కుంటున్నాను. మూడోదాంట్లో అదీ లేదు, ఊరికే కూర్చున్నాను.

"తల్లీ, ఏమిటిది?" అన్నాడు కోచ్.

చీకట్లోంచి ఆర్డిస్ గొంతు వచ్చింది. "మీ ఆట అలాంటిది, కోచ్. బంతి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. కెమెరా మోసపోయింది."

"అది నాకూ గర్వమే. కాని తల్లీ, బెంచీ మీద కూర్చుని నారింజ ఒలుచుకునేవాడి దగ్గర బంతి ఉంటుందని ఎలా అనుకున్నావు?"

గది పగిలిపోయింది. నలభై మంది బల్లలు బాదుతున్నారు. డెన్నీ కుర్చీలోంచి కిందపడి నవ్వుతున్నాడు. ఆర్డిస్ లేచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. నా జన్మలో అంత వేగంగా ఎప్పుడూ పరిగెత్తలేదు, కోచ్ చూసుంటే స్థానం తిరిగి ఇచ్చేవాడేమో!

మెట్ల దగ్గర అందుకున్నాను.

"ఏమీ ఊహించుకోకు," అంది నా వైపు చూడకుండా. "మూడేసి గంటలు కెమెరాకి కన్ను అతికించుకుంటే అది ఎటు పోతుందో నాకే తెలియదు."

 చెప్పాల్సింది ఒక్కటే మాట. చెప్పింది ఏమిటి?

"నేనేమీ ఊహించుకోలేదు."

"మంచిది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో ఇక్కడ రాయలేను. మర్నాడు నా లాకర్ తెరిస్తే ఇరవై నారింజలు దొర్లుకుంటూ బయటికి వచ్చాయి.

కోచ్ అవతలాయనకి ఫోన్ చేసి, ఉన్న సంగతి చెప్పి, ఇంకో ఆట ఫిల్ము పంపించాడు. ఆయన పది నిమిషాలు నవ్వాడట. ఆర్డిస్‌ని మాత్రం నవ్వుతూ వదల్లేదు. "ఇంకొక్కసారి కన్ను బంతిని వదిలితే మంచె దిగాల్సిందే, తల్లీ. చికాగో వాళ్ళకి నీ గురించి రాస్తానన్న సిఫారసు ఉత్తరం కూడా ఉండదు."

ఎనిమిదో ఆట ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఎనిమిదో ఆదివారం పోనూ రానూ నూట నలభై మైళ్ళలో ఆమె అన్నవి రెండే మాటలు. "అక్కడ కుడికి." "అద్దం ఎత్తు." హోటల్లో ఆకలి లేదని కారులోనే కూర్చుంది. నేను ఒక నిశ్చయానికి వచ్చాను. వచ్చే ఆదివారమే ఆఖరిది. తిరిగి వస్తూ ప్లాట్ నది వంతెన దగ్గర కారు ఆపుతాను. చెప్పేస్తాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. వారమంతా కాస్త ధైర్యంగానే తిరిగాను.

శుక్రవారం కోచ్‌ని అడిగాను. "కారు తాళాలు ఆదివారం పొద్దున తీసుకోనా, రేపే ఇస్తారా?"

"ఏ ఆదివారం?"

"ఎల్లుండే, కోచ్. ఆట మర్నాడు."

ఆయన పళ్ళ మధ్యనున్న పుల్ల బయటికి తీశాడు. "ఎవరికిస్తావు ఫిల్ము? రేపటితో సీజన్ సరి. వచ్చే శనివారం ఎవరితో ఆడతాం నాయనా, ఆవులతోనా?"

 తొమ్మిది ఆటలకి ఎనిమిదే ఆదివారాలు. ఆఖరి ఆట తర్వాత ఫిల్ము పుచ్చుకునేవాడు ఉండడు. నాలుగేళ్ళ నుంచి ఈ జట్టులో ఉన్నవాణ్ణి, ఎనిమిది వారాలుగా లెక్కపెడుతున్నవాణ్ణి, నాకు తట్టలేదు! ఆదివారం పొద్దునే ఆమె బాబాయి వచ్చి చికాగో తీసుకుపోతున్నాడని కూడా కోచే చెప్పాడు. నాకు మిగిలింది శనివారం. ఆ శనివారం ఆమె మంచె మీద, నేను బెంచీ మీద.

శనివారం పొద్దున్నుంచి సన్నగా మంచు పడుతోంది. రెండు వేలమంది దుప్పట్లు కప్పుకుని వచ్చారు. మూడో భాగం అయ్యేసరికి మేము నాలుగు పాయింట్లు వెనక. నేల జారుతోంది, డెన్నీ కాళ్ళు నిలవడం లేదు. నేను అదేమీ చూడటం లేదు. మంచె మీద నల్లటి టోపీ, కెమెరా, ఆమె నోటి ఆవిరి, అంతే.

నాలుగో భాగం కూడా అయిపోవస్తోంది, ఇంకో మూడు నిమిషాలు. తర్వాత ఏమీ ఉండదు.

హెల్మెట్ బెంచీ మీద పెట్టాను. నడుచుకుంటూ వెళ్ళి నిచ్చెన ఎక్కాను.

"ఎవరది? మంచె ఊగుతోంది!" కన్ను కెమెరా నుంచి తియ్యలేదు.

"నేనే. మైలోని."

"నీకు పిచ్చా? దిగు! ఇవాళ ఒక్క బంతి తప్పినా నా ఉద్యోగం పోతుంది!"

"నువ్వు నా వైపు చూడక్కర్లేదు. బంతినే చూస్తూ విను."

"వినను, పో!"

బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. "నాకు తొమ్మిదో ఆదివారం ఉందనుకున్నాను. లేదట. అందుకని ఇప్పుడే చెప్తున్నాను. ఆ రోజు మెట్ల మీద నేను అబద్ధం ఆడాను. చాలా ఊహించుకున్నాను. నువ్వంటే నాకు ప్రాణం, ఆర్డిస్. స్థానం పోయిందని నాకు ఏడుపు లేదు. అది పోబట్టే కదా నువ్వు దొరికావు."

 ఆమె చెయ్యి మెల్లిగా కెమెరాని ఎడమకి తిప్పింది. బంతి అటే వెళ్తోంది.

"ఏదో ఒకటి అను."

"నోర్మూసుకో," అంది.  "కంట్లో నీళ్ళొస్తే నాకు మసకబారుతుంది. బంతి కనపడదు."

అప్పుడు కింద నుంచి, చీర్‌లీడర్ చేతిలోంచి లాక్కున్న మైకులో, కోచ్ గొంతు మైదానమంతా మోగింది.

"వోసికా! దిగుతావా, నన్నే ఎక్కి రమ్మంటావా?"

రెండు వేల తలలు పైకి లేచాయి. ఒక్క నిమిషం ఆట మిగిలింది, గెలవాలంటే అవతలి చివరి గీత దాకా నలభై ఐదు గజాలు పోవాలి, జారే నేల మీద పరుగు పనిచెయ్యదు. సీజన్ మొత్తంలో మొట్టమొదటిసారి కోచ్‌కి విసిరేవాడు కావాల్సివచ్చింది. వాడు చూస్తే మంచె మీదున్నాడు.

దిగాను. జనం నవ్వుతూనే ఉన్నారు. కోచ్ నా నెత్తిన హెల్మెట్ ఆయనే పెట్టి నొక్కాడు. "తర్వాత చంపుతాను. ముందు విసురు."

రెండు చిన్నవి విసిరాను, పట్టుకున్నారు. గడియారంలో ఐదు సెకన్లు. ఆఖరి బంతి అందుకుని వెనక్కి అడుగులేశాను. దూరంగా డెన్నీ చెయ్యెత్తాడు. ఉన్న బలమంతా పెట్టి వదిలాను. వదలడమే గుర్తుంది, అంతలోనే ఇద్దరు నా మీద పడ్డారు. మొహం మంచులో కూరుకుపోయింది. జనం ఒక్కసారిగా లేవడం విన్నాను. తర్వాత "అయ్యో" అనడం విన్నాను. డెన్నీ పట్టుకున్నాడు. ఆ చివరి గీతకి రెండు గజాల ఇవతల వాణ్ణి పడేశారు.

ఓడిపోయాం. నా ప్యాంటుకి మట్టి అంటింది.

కోచ్ వచ్చి చెయ్యిచ్చి లేపాడు. చంపుతాడనుకున్నాను.  "నిన్ను ముందే దింపాల్సింది, నాయనా. అంత చెయ్యి ఉన్నవాణ్ణి తొమ్మిది వారాలు కూర్చోబెట్టాను. తప్పు నాది," అని వెళ్ళిపోయాడు. అలా అన్న పెద్దవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. ఇప్పటికీ ఆయన పేరు వింటే కళ్ళు చెమరుస్తాయి.

జనం వెళ్ళిపోయారు. నేను మంచె కింద నిలబడ్డాను. ఆర్డిస్ కెమెరా భుజాన వేసుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. ముక్కు ఎర్రగా ఉంది. ఈసారి ఎండకి కాదు.

"ఆఖరి బంతి బ్రహ్మాండంగా వచ్చింది," అంది. "గాల్లో ఉన్నంతసేపూ ఫ్రేములోంచి పోనివ్వలేదు. చికాగో వాళ్ళు చచ్చినట్టు ఉద్యోగం ఇస్తారు."

"నేను ఎలా వచ్చాను?"

"నువ్వు లేవు. బంతి నీ చెయ్యి వదలగానే నేనూ నిన్ను వదిలేశాను."

"నాకు ఏడాది మొత్తంలో అదొక్కటే ఆట, ఆర్డిస్! కిందపడ్డాను కూడా. ఒక్కసారైనా చూడాలనిపించలేదా?"

"తొందరేముంది? బంతి మళ్ళీ దొరకదు. నీ మొహం ఇక రోజూ చూడాల్సిందేగా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా కాళ్ళలాగే నా బుర్ర.

"మరి రేపు చికాగో వెళ్తున్నావుగా?"

"వెళ్తున్నాను. మానను. నిన్ను రావద్దని ఎవరైనా అన్నారా?"

ఎవరూ అనలేదు. మే నెలలో ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రమే బస్సెక్కాను.